తాడు పట్టిన పన్నెండుమందిని ముఠా అని రాసినవాణ్ణి

మా కాలనీ గస్తీ బాధ్యతను ఈ నెల నుంచి ఇద్దరు కొత్తవాళ్లు తీసుకుంటున్నారు. ఒకతను బ్యాంకులో పనిచేస్తాడు. ఒకామె హైస్కూల్లో సైన్సు చెబుతుంది. దిగిపోయేముందు అనుభవం మీద నాలుగు మాటలు రాసిమ్మన్నారు. టార్చిలైట్లు ఎక్కడున్నాయి, ఏ ఇంటి తాళం ఎవరి దగ్గర ఇచ్చి వెళ్తారు, ఏ కుక్క మొరుగుతుంది, ఏది కరుస్తుంది, ఇవన్నీ గేటు దగ్గరుండే యాకూబ్ చెబుతాడు. నాకంటే బాగా చెబుతాడు. నేను రాసేది అతను మర్యాదకు చెప్పనిది.

ముప్పై రెండేళ్లు బొగ్గు గనుల్లో సెక్యూరిటీలో చేసి జమేదారుగా రిటైరయ్యాను. కాలనీలో ఇప్పటికీ ఎవరూ నన్ను పేరుతో పిలవరు, జమేదార్ గారనే అంటారు. ఇల్లు కట్టుకుని వచ్చిన నెలలోనే గస్తీ పనిని నా నెత్తిన పెట్టారు. తొమ్మిదేళ్లు మోశాను. ఆ తొమ్మిదేళ్లలో పదిహేడు మంది దొంగల్ని పట్టుకున్నాను.

పదిహేడు అనేది నేను పెళ్లి భోజనాల దగ్గర చెప్పే లెక్క. కాగితం మీద పెట్టేసరికి చెయ్యి ఆగింది. నిజానికి ఇద్దరు. అందులో ఒకతను గోడ దూకింది తన సొంత ఇంట్లోకే, భార్య గడియ తీయకపోతే. రెండోవాడు నిజంగా దొంగే. కాని వాణ్ణి పట్టుకున్నది మూడో లైను గేదె. కుమ్మి పడేసింది. నేను వెళ్లి వాడి మీద కూర్చున్నాను, అంతే. ఆ గేదెకు ఎవరూ శాలువా కప్పలేదు. నాకు కప్పారు.

పళ్లసెట్టు కేసు

గస్తీ పనిలో మొదట నేర్చుకోవలసింది ఇదే కనుక ఇది ముందు చెబుతాను.

నాలుగో లైనులో రిటైర్డ్ హెడ్మాస్టారు ఒకాయన ఉన్నారు. ఒక మధ్యాహ్నం డాబా మీద గిన్నెలో నానబెట్టిన ఆయన పళ్లసెట్టు పోయింది. కాలనీ అంతా అట్టుడికింది. మూడు రోజులు పనివాళ్ల సంచులు గేటు దగ్గర విప్పించాం. పాలతని క్యాన్లలో చెయ్యి పెట్టి చూశాం. ఇస్త్రీ అతని మూట విప్పించాం. ఇంకొకరి నోటికి అమర్చిన పళ్లు ఎత్తుకుపోయి మనిషన్నవాడు ఏం చేసుకుంటాడని అడిగినవాడు ఒక్కడు లేడు. కమిటీలో ఇంజనీర్లున్నారు, లెక్చరర్లున్నారు, నేనున్నాను.

నాలుగో రోజు ప్లంబర్ నీళ్ల ట్యాంకు మీదికెక్కి పళ్లసెట్టు పట్టుకొచ్చాడు. పక్కనే సగం కొరికిన జామకాయ. కోతుల పని. అడవి అంచున ఇల్లు కట్టుకున్నవాడికి మొదట తట్టవలసింది కోతి. మాకు మొదట తట్టింది పనిమనిషి.

మాస్టారు పళ్లు కడిగి పెట్టుకున్నారు. పనివాళ్లకు మాత్రం ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. పొరపాటైంది అనలేదు. నేనూ అనలేదు. మర్నాటి నుంచి సంచులు విప్పించడం మానేశాం, దానితో తీరిపోయిందనుకున్నాం. అనుమానపడ్డప్పుడు పదిమందిలో పడతాం, తప్పని తేలాక చప్పుడు చేయకుండా ఇంటికి పోతాం. దీనికి ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ముందు నా మీద, తర్వాత మిగతా వాళ్ల మీద.

బయటివాళ్లు ఎవరు

కాలనీ వెనక ప్రహరీ, దాని వెనక వాగు, వాగు దాటితే కోయల గూడెం. కాలనీ వేయకముందు గూడెం మనుషులు ములకలపల్లి రోడ్డుకు ఇప్పటి మా మూడో లైను గుండానే నడిచేవారు. ప్రహరీ లేచాక వాగు వెంట చుట్టూ తిరిగి రావలసి వచ్చింది. వాళ్లు నడిచే దారిలో మేం వంటిళ్లు కట్టుకుని, గేటు దగ్గర బోర్డు పెట్టాం: బయటివారికి అనుమతి లేదు. ఆ బోర్డు మీది అక్షరాలు దిద్దింది నేనే. బాగా వచ్చాయని మురిసిపోయాను కూడా.

మా కాలనీ కమిటీ అధ్యక్షుడు ప్రసాదరావు గారు. తండ్రి కాలంలో కోస్తా నుంచి వేంసూరు వైపు వచ్చి భూములు కొన్న కుటుంబం. పామాయిల్ తోటలు, టౌనులో ఎరువుల కొట్టు. చెడ్డవాడని రాయలేను. ఎవరికి జ్వరమొచ్చినా దవాఖానాకు కారు పంపే మనిషి. ఆయన జబ్బు ఒక్కటే, భయం. ఆ భయానికి రోజూ మేత వేసినవాణ్ణి నేను. ప్రతి మీటింగులో లేచి నిలబడి, అడవి వైపు నుంచి ప్రమాదం పొంచి ఉందని గంభీరంగా చెప్పేవాణ్ణి. ప్రమాదం ఉంటేనే కదా జమేదారుకు కుర్చీ! గనిలో రిటైరయిన వాణ్ణి ఇంట్లో కూరగాయల సంచి పట్టుకోమంటే కష్టంగా ఉంటుంది. అదీ అసలు సంగతి.

తాడు

విత్తనం వేసేముందు కోయ గూడేల్లో భూమి పండుగ చేస్తారు. మగవాళ్లు అడవిలోకి వేటకని వెళ్తారు. ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా తాడు పట్టి, వచ్చే బండినల్లా ఆపి, పాట పాడి, పండుగ మామూలు అడుగుతారు. ఎంతో కొంత చేతిలో పెడితే తాడు దించుతారు. ఇవ్వనివాణ్ణి చూసి కాసేపు నవ్వి, వాడికీ దించుతారు. ఇందులో దాపరికం లేదు. గని జీపులో డ్యూటీకి తిరిగిన రోజుల్లో ఏటా నన్నూ ఆపేవారు. ఏటా ఇచ్చేవాణ్ణి. ఒక ఏడు జీపు దిగి వాళ్లతో కలిసి రెండు అడుగులు కూడా వేశాను.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, తెలియక చేశాడులే అని మీరు నన్ను వదిలేయకూడదు.

ఆ రోజు పొద్దున పది దాటింది. ప్రసాదరావు గారి ఫోన్.

"జమేదార్ గారూ, త్వరగా రండి! కారు ఆపేశారండీ! ముప్పై మంది ఉన్నారు, కర్రలున్నాయి!"

"ఎక్కడ సార్?"

"మన మలుపులోనేనండీ! అద్దాలు దించొద్దని కోడలికి చెప్పాను!"

ఆ తర్వాత కథ కాలనీలో పిల్లలకు కూడా కంఠతా వచ్చు. నేను లాఠీ చంకన పెట్టుకుని ఒక్కణ్ణే స్కూటర్ మీద దూసుకెళ్లడం, నా విజిల్ వినగానే సగం మంది చెట్లలోకి పరిగెత్తడం, మిగతా వాళ్లను నేను చూపుతోనే నిలబెట్టేయడం.

ఇవేవీ జరగలేదు. విజిల్ ఇంట్లోనే మరిచిపోయాను. మలుపు దగ్గర ఉన్నది పన్నెండుమంది, అందరూ ఆడవాళ్లే. ఒకామె చంకలో పసిపిల్ల. కర్ర అంటే తాడు చివర కట్టిన వెదురు గడ. తాడు ఒక కొస పట్టుకుని ముందు నిలబడ్డది పాయం ముత్తమ్మ. ఆరేళ్లుగా మా ఇంట్లో పనిచేస్తోంది. ఆ పొద్దున కూడా మా ఇల్లు తుడిచి, "ఇయ్యాల జల్దీ పోత అమ్మా, పండుగ" అని మా ఆవిడ సరోజనతో చెప్పి వెళ్లింది. పేపర్ చదువుతూ ఆ మాట నేను విన్నాను.

నన్ను చూసి ముత్తమ్మ మొహం విప్పారింది. "ఓ సారూ, నువ్వొచ్చినవా! మంచిగైంది. గీ పెద్దసారు అద్దం దించుత లేడు. నువ్వన్న చెప్పు."

పక్కన ముసలామె కోయలో ఏదో అంది. అందరూ విరగబడి నవ్వారు.

"ఏమంటది?" అన్నాను.

"గాజు సీసల చేప లెక్క నోరు తెరుస్తుండట."

నాకూ నవ్వొచ్చింది. నిజంగా అలాగే ఉన్నారాయన. అప్పుడే కారు అద్దం వేలెడు దిగింది. "వాళ్లతో కబుర్లేంటండీ! ముందు ఫోటో తియ్యండి, ఆధారం ఉండాలి!"

సార్, ఇది పండుగ. ఈ రెండు ముక్కలు చాలు. నాలుక చివర ఉన్నాయి. కాని ఆ నెల మీటింగులోనే అడవి వైపు ప్రమాదం గురించి పావుగంట ఉపన్యాసమిచ్చి, రెండో వాచ్‌మన్ కావాలని వాదించి ఉన్నాను. ప్రమాదం కోసం ఎదురు చూస్తున్నవాడికి ప్రమాదం దొరికింది. ఫోన్ తీశాను.

"పండుగ ఫోటోనా సారూ?" అంది ముత్తమ్మ.

"అవ్," అన్నాను.

ఆమె అందరినీ కేకేసి పిలిచింది. పొట్టివాళ్లను ముందుకు తెచ్చింది. చెట్టు కింద కూర్చున్న ఇంకో ముసలామెను లేపి పక్కన నిలబెట్టుకుంది. కొంగు సవరించుకుని, తాడు బాగా కనబడాలని పైకెత్తి పట్టుకుంది. "నవ్వుండ్రి," అన్నాను అలవాటుగా. పన్నెండుమందీ నవ్వారు.

ప్రసాదరావు గారు కారు వెనక్కి తిప్పుకుని ఇంటికి వెళ్లిపోయారు. నాకు మలుపు అవతల పాలకేంద్రంలో పనుంది. జేబులోంచి ఇరవై తీసి ముసలామె చేతిలో పెట్టాను. తాడు దించారు. దాటాను. పండుగ మామూలు ఇచ్చి తాడు దాటిన సంగతి ఈ కాగితం మీదే మొదటిసారి చెబుతున్నాను.

వగైరా

గనిలో నేను రాసిన మొదటి రిపోర్టును మా ఆఫీసర్ చింపేశాడు. ఇనుప సామాను, కేబులు వగైరా పోయినట్టు రాశాను. "వగైరా అంటే ఏందయ్యా? ఏడుందో నాకు చూపెట్టు. కళ్లతో చూసింది రాయి. తలకాయల పుట్టింది ఇంట్ల పెట్టుకో," అన్నాడు. ముప్పై రెండేళ్లు ఆ మాట మీదే ఉద్యోగం చేశాను.

ఆ మధ్యాహ్నం కమిటీ గదిలో కూర్చుని ఫిర్యాదు రాశాను: గుర్తు తెలియని మహిళలు, సుమారు ముప్పై మంది, కర్రలు వగైరా చేతబట్టి, వాహనాన్ని అడ్డగించి. గుర్తు తెలియని! ముత్తమ్మ చేతి చాయ్ ఆరేళ్లు తాగినవాణ్ణి. అదే ఫోటోను కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద నేనే రాశాను: దారి దోపిడీ ముఠా, జాగ్రత్త, అందరికీ పంపండి.

అందరికీ పంపారు. మంచి మాట పంపమంటే బద్ధకించే జనం ఇది పంపడానికి ఒక్క నిమిషం ఆగలేదు. సాయంత్రానికి అది టౌనులో ఇతర కాలనీలకు, అపార్ట్‌మెంట్లకు పాకింది. పెనుబల్లిలో ఉండే మా బావమరిది ఆ ఫోటోను నాకే పంపి, జాగ్రత్త బావా అన్నాడు.

స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్ ఫిర్యాదు చదివి కళ్లద్దాలు తీశాడు.

"భూమి పండుగ గద సార్ ఇది."

నేను గోడ మీది క్యాలెండర్ చూశాను.

"ముప్పై ఏండ్లు గీడనే నౌకరి చేసిన్రు. మీకు తెల్వదా?"

"కమిటీ నిర్ణయం," అన్నాను.

"వాపస్ తీస్కుంటరా?"

"మాట్లాడి చెప్త."

చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది. ఫిర్యాదు నాలుగు నిమిషాల్లో రాసినవాణ్ణి.

గేటు దగ్గర

మర్నాడు పొద్దున ఏడింటికి ముత్తమ్మ పనికొచ్చింది. ఇందులోవాళ్లను రానివ్వొద్దని ముందురోజు నేను చెప్పి అంటించిన ఆ ఫోటో గేటు గది అద్దం మీద ఉంది, పెద్ద సైజులో, రంగుల్లో. యాకూబ్ ఆమెను ఆపి నాకు కబురు పెట్టాడు.

"సాబ్, మీరే తీసిన్రు, మీరే ఆర్డర్ ఇచ్చిన్రు. ఇప్పుడు మీ ఇంట్ల పనిచేసే ఆమెను ఏం చెయ్యమంటరు?" అతని గొంతులో వెటకారం ఉంది. ఉండవలసిందే.

ముత్తమ్మ అద్దం మీది ఫోటోను చూస్తూ నిలబడింది. చదువు రాదు. కింద ఏముందో యాకూబ్ చదివి చెప్పాడట. నా వైపు తిరిగింది.

"సారూ, నువ్వు నవ్వమంటెనే నవ్విన గద," అంది.

అరవలేదు, తిట్టలేదు. వచ్చిన దారినే వాగు వైపు వెళ్లిపోయింది. ఆమెకు మా కాలనీలో మూడిళ్లు, రోడ్డవతల అపార్ట్‌మెంట్లలో రెండిళ్లు. భర్త లేడు. కూతురు హాస్టల్లో నర్సింగ్ చదువుతోంది. వారం తిరిగేసరికి అయిదిళ్లూ పోయాయి. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కూడా అదే ఫోటో.

తర్వాత నేనే వెళ్లి గేటు మీది ఫోటోను చింపి పారేశానని చాలామందికి చెప్పాను. చింపింది సరోజన. ఆ రోజే, అందరూ చూస్తుండగా, గోళ్లతో గీకి గీకి చింపింది. ఇంటికొచ్చి నాతో అన్నది ఒకటే మాట: "ఆమె పండుగని చెప్పినప్పుడు మీరు కుర్చీలనే ఉన్నరు."

అయిదో రోజు ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను. ఆ ఆదివారం కమిటీ మీటింగు. నేను బల్ల గుద్ది, రాజీనామా విసిరికొట్టానని మీరు వినే ఉంటారు. బల్ల మీద ఉన్నది టీ కప్పులు. గుద్దితే ఒలికేవి. గుద్దలేదు. గ్రూపులో క్షమాపణ పెడదామని నెమ్మదిగా అన్నాను.

ప్రసాదరావు గారు తల పట్టుకున్నారు. "మీరే కదండీ రాసింది? ఇప్పుడు కాదంటే కమిటీ పరువేం కాను? ఆవిణ్ణి రమ్మనండి, నాకేం అభ్యంతరం లేదు. రోజూ సంచి చూపించి వెళ్తే సరి."

ఎవరూ కాదనలేదు. గనుల్లో కార్మిక సంఘాలు నడిపినవాళ్లున్నారు ఆ గదిలో. యాజమాన్యం సంచి వెతికిందని ఒకప్పుడు గేటు ముందు బైఠాయించినవాళ్లు. తలలు వంచుకుని బిస్కెట్లు నమిలారు. నేనూ "ఆలోచిద్దాం సార్," అన్నాను. ఆ రాత్రి క్షమాపణ ఒక్కణ్ణే రాసి గ్రూపులో పెట్టాను. పొద్దున్నకు కమిటీవాళ్లు తీసేశారు. ముఠా ఫోటో మాత్రం అలాగే ఉంది. ఇప్పటికీ పైకి జరిపితే కనబడుతుంది. వెళ్లి చూడండి.

ఎన్ని ఫోన్లలో

రెండు వారాల తర్వాత వాగు దాటి గూడేనికి వెళ్లాను. ముత్తమ్మ వాకిట్లో అడ్డాకుల విస్తర్లు కుడుతోంది.

"సరోజనమ్మ పంపిందా, నువ్వే వచ్చినవా?"

"నేనే వచ్చిన." సరోజనే పంపింది.

పనిలోకి రమ్మన్నాను. సంచి సంగతి అప్పటికే ఆమెకు తెలుసు.

"మీ కాలనీకి రాను సారూ. వేరే కాడ చేసుకుంట. కాని యాడికి పోయినా గేటు కాడ ఫోను తీసి చూస్తున్రు, నన్ను చూస్తున్రు. నేను ఇంకా ఎందరి ఫోన్లల్ల ఉన్న?"

నాకు తెలియదు. ఎవరికీ తెలియదు.

"ఫోటో నువ్వు తీసినవ్. నువ్వు నా ఎంబడి రా. గేటు గేటు కాడ చెప్పు," అంది విస్తరాకులో పుల్ల గుచ్చుతూ.

వెళ్లాను. ఎండలో, గొడుగేసుకుని, ఆమె ముందు, నేను వెనక. మొదటి గేటు దగ్గర "ఏదో పొరపాటు జరిగింది" అన్నాను. ముత్తమ్మ పక్కనుంచి, "ఎవలు చేసిన్రో చెప్పు సారూ," అంది. అప్పుడు చెప్పాను. ఫోటో తీసింది నేను, రాసింది నేను, తెలిసే రాశాను అని. రెండో గేటు వాచ్‌మన్ నవ్వాడు. మూడో గేటు వాడు, పెద్దమనిషివి నీకు సిగ్గులేదా అన్నాడు. నాలుగో గేటు దగ్గర అసోసియేషన్ సెక్రటరీ గంట నిలబెట్టి, రిస్క్ తీసుకోలేమండీ అని పంపేశాడు. ఆయన్ను తిట్టాలనిపించింది. ఆయన మాట్లాడుతున్నవి నా మాటలే. నేను నేర్పినవే టౌనంతా మాట్లాడుతున్నారు.

కొత్తగా వచ్చిన మీ ఇద్దరికీ చెప్పేది ఇది. గేటు దగ్గర ఎవరినైనా ఆపేముందు వాళ్ల పేరు మీకు తెలుసా అని మిమ్మల్ని మీరు అడగండి. తెలిస్తే పేరే రాయండి. పేరు రాయడానికి చెయ్యి రాకపోతే ఆ ఫిర్యాదే రాయకండి.

ఏడో గేటు టౌను చివర, కొత్త అపార్ట్‌మెంట్లు. పై అంతస్తులో ఒక లెక్చరరమ్మకు వంటమనిషి కావాలని సరోజన కనుక్కుంది. వాచ్‌మన్ కొత్తవాడు, ఫోటో చూడలేదు. అయినా నేను మొత్తం చెప్పాను. అతను ఇంటర్‌కమ్‌లో పైకి మాట్లాడి, ముత్తమ్మను వెళ్లమన్నాడు. ఆమె వెంట నేనూ రెండడుగులు వేశాను. అడ్డంగా చెయ్యి పెట్టాడు.

"మీరెవరు సార్? పై నుంచి మీ పేరు చెప్పలే. మిమ్మల్ని ఎవరన్న ఎరుగుదురా ఈడ?"

జమేదారునని, ముప్పై రెండేళ్ల సర్వీసని చెప్పబోయాను. అంతలో లిఫ్టు దాకా వెళ్లిన ముత్తమ్మ వెనక్కి తిరిగింది. నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసింది. ఎంతసేపు ఆలోచించిందో నాకు తెలుసు, ఆ కాసేపూ నేను ఎండలో నిలబడి ఉన్నాను.

"నేనెరుగుదు. నా ఎంబడే వచ్చిండు, రానియ్యి," అంది.

వాచ్‌మన్ పుస్తకం ముందుకు జరిపి నా చేత పేరు రాయించాడు. పక్కన 'ఎవరి తాలూకు' అనే గడి ఉంది. అది తనే నింపాడు: పాయం ముత్తమ్మ.